నీళ్ళు లేని చోట "రివర్‌బోట్" కేసినో: డావెన్‌పోర్ట్, బెటెండార్ఫ్ పడవలు ఏమయ్యాయి?

గోదారి గట్టు (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. కాంట్రాక్టు పని మీద అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలీన్ వచ్చి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం ఆఫీసులో ఒక పెద్దాయన "బోటుకి పోదాం, వస్తావా?" అన్నాడు. మిసిసిపీ మీద లాంచీ షికారు అనుకున్నాను. గాలి కొడుతుందని మంకీ క్యాప్ కూడా జేబులో పెట్టుకున్నాను.

తీరా చూస్తే కారు నది దాటింది, ఊరు దాటింది, 80, 74 నంబర్ల హైవేలు కలిసే చోటికి పోయి ఆగింది. పెద్ద పార్కింగు, హోటలు, లోపల కేసినో. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. "బోటేదీ?" అంటే ఆయన నవ్వి "ఇదే. మేమింకా బోటనే అంటాం" అన్నాడు. ఇరవై డాలర్లు పెట్టి ఇరవై నిమిషాల్లో బయటికొచ్చాను, అది వేరే సంగతి.

నా డౌటు ఏమిటంటే, ఆ పేరు ఎలా మిగిలింది? అసలు పడవ ఎక్కడికి పోయింది? క్వాడ్ సిటీస్ (డావెన్‌పోర్ట్, బెటెండార్ఫ్, రాక్ ఐలండ్, మోలీన్ ఊళ్ళ గుంపు) పాతకాపులెవరైనా ఉంటే చెప్పండి.

బెటెండార్ఫ్ అక్క (శనివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, మంకీ క్యాప్ జాగ్రత్తగా దాచుకో. జనవరిలో పనికొస్తుంది.

మేం ఇక్కడికి 1998లో వచ్చాం. అప్పట్లో డావెన్‌పోర్ట్ రేవులో "ప్రెసిడెంట్" అని ఐదంతస్తుల పాత స్టీమరు ఉండేది. రాత్రి లైట్లు వేశాక అవతల రాక్ ఐలండ్ ఒడ్డు నుంచి చూస్తే పెళ్ళివారిల్లు నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది. మా అత్తమామలు వచ్చినప్పుడు చూపిద్దామని తీసుకెళ్ళాం. మామగారు ఒక్క పైసా ఆడలేదు, బఫేలో పెరుగు దొరకలేదని గొణుక్కుంటూ కూర్చున్నారు. అత్తగారు మాత్రం క్వార్టర్ల (పావు డాలరు నాణేల) మిషన్ ముందు నుంచి లేస్తే ఒట్టు. అప్పుడు ఇప్పటిలా కాగితం టికెట్లు కావు, అన్నీ నాణేలే. ప్లాస్టిక్ డబ్బాల్లో పోసుకుని తిరిగేవాళ్ళు. బయటికొచ్చేసరికి ఆవిడ వేళ్ళన్నీ మసిగుడ్డ పట్టుకున్నట్టు నల్లగా అయిపోయాయి. గెలిచింది పదకొండు డాలర్లు. ఆ కథ ఇప్పటికీ విజయవాడలో చుట్టాలందరికీ చెబుతుంటారు.

పడవ ఎందుకు వచ్చిందన్నది చట్టం సంగతి. అది పాత పేపర్లు గారు చెబితేనే బాగుంటుంది.

పాత పేపర్లు (శనివారం, రాత్రి 11:30)

అక్క పిలిచాక రాకుండా ఎలా ఉంటాను.

మిసిసిపీకి ఒక పక్క అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్, బెటెండార్ఫ్. రెండో పక్క ఇల్లినాయ్‌లో రాక్ ఐలండ్, మోలీన్. ఈ ఊళ్ళన్నీ ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాల మీద బతికినవి. 1980లలో అమెరికా రైతులు అప్పుల్లో కూరుకుపోయి కొత్త యంత్రాలు కొనడం మానేశారు. దాంతో రాక్ ఐలండ్‌లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళ ఫార్మాల్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూతపడింది. డావెన్‌పోర్ట్‌లో క్యాటర్‌పిల్లర్ ఫ్యాక్టరీ కూడా పోయింది. ఊళ్ళో పని లేదు, పన్నులు లేవు, నడిబొడ్డున కొట్లు ఖాళీ. అలాంటి సమయంలో ఎవరో ఒకరికి జూదం గుర్తుకొస్తుంది. ఏ రాష్ట్రంలోనైనా అంతే.

కానీ అయోవా అంటే చర్చి, పొలం, పెద్దమనుషులు. అక్కడ "జూదశాల పెడతాం" అంటే ఒప్పుకోరు. అందుకని శాసనసభలో దాన్ని షికారుగా మార్చారు. 1989లో చట్టం చేశారు, గవర్నరు టెర్రీ బ్రాన్‌స్టాడ్ సంతకం పెట్టాడు. షరతులు చూస్తే నవ్వొస్తుంది. ఆట నది మీద తిరిగే పడవలోనే సాగాలి. ఒక్క పందెం 5 డాలర్లు దాటకూడదు. ఒక ట్రిప్పులో ఒక మనిషి 200 డాలర్లకి మించి పోగొట్టుకోకూడదు. పడవలో స్థలం 30 శాతం మించి ఆటకి వాడకూడదు. పైగా అయోవాలో తయారైన చేతిపని వస్తువులు అమ్మే కొట్టు కూడా ఒకటి లోపల ఉండాలి! అంటే పేకముక్కలు వేసి వేసి అలిసిపోయిన మనిషి ఇంటికెళ్తూ భార్యకి ఒక అల్లిక దుప్పటి కొనుక్కెళ్ళాలన్నమాట.

1991 ఏప్రిల్ 1న మొదలైంది. సరిగ్గా ఏప్రిల్ ఫూల్స్ డే. దేశంలో చట్టబద్ధంగా నడిచిన తొలితరం రివర్‌బోట్ కేసినోలు ఇవే. మొట్టమొదటిది డావెన్‌పోర్ట్‌లో ప్రెసిడెంట్.

డుబుక్ బాబాయ్ (ఆదివారం, ఉదయం 7:05)

చిన్న సవరణ పేపర్లు గారూ. "మొట్టమొదటిది" అని డావెన్‌పోర్ట్‌కి కిరీటం పెట్టకండి. అదే రోజు బెటెండార్ఫ్‌లో డైమండ్ లేడీ బయల్దేరింది, అయోవాలోనే ఇంకో రేవు ఊరు మా డుబుక్‌లో కేసినో బెల్ బయల్దేరింది. మూడూ ఒక్కరోజు పిల్లలే.

డైమండ్ లేడీ మొదటి ట్రిప్పుకి టీవీలో "వీల్ ఆఫ్ ఫార్చ్యూన్" ఆటలో అక్షరాలు తిప్పే వ్యానా వైట్ వచ్చింది. ఆ పడవ యజమాని బెర్నార్డ్ గోల్డ్‌స్టీన్. ఆయన కుటుంబానిది పాత ఇనుము వ్యాపారం, బార్జీలు కూడా నడిపేవారు. నది మీద సరుకు ఎలా తిరుగుతుందో, సరుకు పాతబడ్డాక దాన్ని ఎలా అమ్ముకోవాలో రెండూ తెలిసిన మనిషి.

పాత పేపర్లు (ఆదివారం, ఉదయం 8:20)

ఒప్పుకున్నాను బాబాయ్. మూడూ ఒక్కరోజే. వెనక్కి తీసుకుంటున్నాను.

లెక్కల మాస్టారు (ఆదివారం, ఉదయం 9:00)

5 డాలర్ల పందెం, 200 డాలర్ల హద్దు. అంటే వరసగా 40 ఆటలు పోతే గానీ హద్దుకి రారు. రెండు మూడు గంటల షికారులో మామూలుగా ఆడేవాడికి అది పరవాలేదు. ఇందులో నష్టపోయేది పెద్ద ఆట ఆడేవాడు కాదు, పడవ యజమాని. పెద్ద ఆటగాడు వాడి గడప తొక్కడు కదా.

మన ధర్మరాజు గారికి 200 డాలర్ల లిమిట్ పెట్టి ఉంటే కురుక్షేత్రం ఉండేది కాదు. శకుని మామ మాత్రం వేరే రాష్ట్రానికి దుకాణం ఎత్తేసేవాడు.

పాత పేపర్లు (ఆదివారం, ఉదయం 9:25)

మాస్టారూ, తమాషాకి అన్నారు గానీ, జరిగింది అక్షరాలా అదే.

అవతల ఒడ్డున ఇల్లినాయ్ 1990లో తన చట్టం చేసుకుంది. పందానికి హద్దు లేదు, పోగొట్టుకోవడానికీ హద్దు లేదు. 1991 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ దగ్గర ఆల్టన్‌లో వాళ్ళ మొదటి పడవ ఆల్టన్ బెల్ మొదలైంది. 1992 మార్చిలో సరిగ్గా డావెన్‌పోర్ట్‌కి ఎదురుగా రాక్ ఐలండ్‌లో ఇంకో పడవ వచ్చింది. నది మీద వంతెన దాటడానికి ఐదు నిమిషాలు. ఇవతల 5 డాలర్లు, అవతల ఎంతైనా. ఇంక ఇవతల ఎవడుంటాడు?

దానికంటే పెద్ద దెబ్బ దక్షిణం నుంచి తగిలింది. మిసిసిపీ రాష్ట్రం 1990లో చట్టం చేసింది. అక్కడ హద్దులూ లేవు, పడవ కదలక్కర్లేదు కూడా. గోల్డ్‌స్టీన్ డైమండ్ లేడీని, ఫోర్ట్ మాడిసన్‌లో ఉన్న దాని చెల్లెలు ఎమరాల్డ్ లేడీని తాళ్ళు విప్పించి బిలాక్సీ తీసుకుపోయాడు. 1992 ఆగస్టు 1న అక్కడ ఐల్ ఆఫ్ కాప్రీ పేరుతో తెరిచాడు. మిసిసిపీ రాష్ట్రానికి అదే మొదటి కేసినో.

ఏడాదికి పైన మూడు నెలలు. ఆ ఊళ్ళకి దక్కింది అంతే.

గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 10:10)

ఫ్యాక్టరీ మూతపడితే కనీసం షెడ్డయినా మిగులుతుంది. పడవ వెళ్ళిపోతే రేవు గుంజ ఒక్కటే.

మరి అయోవా వాళ్ళు ఊరుకున్నారా?

బెటెండార్ఫ్ అక్క (ఆదివారం, ఉదయం 11:45)

ఊరుకోలేదు, హద్దులు ఎత్తేశారు. 1994లో ఐదు డాలర్లు, 200 డాలర్లు, 30 శాతం అన్నీ పోయాయి. కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఓట్లు కూడా పెట్టారు. మర్నాడే పడవలు నిండిపోయాయని మా పక్కింటావిడ చెప్పేది. 1995లో మా బెటెండార్ఫ్‌కి మళ్ళీ పడవ వచ్చింది, లేడీ లక్ అని.

నదిలో తిరగాలన్న షరతు పేరుకి ఇంకొన్నాళ్ళు ఉంది. ఎండాకాలం పొద్దున్నే, జనం లేని వేళ చూసి, పడవ అలా వెళ్ళి ఇలా వచ్చేది. మా వారు దాన్ని "ప్రదక్షిణం" అనేవారు. దేవుడి మీద భక్తితో కాదు, లైసెన్సు మీద భక్తితో.

తమాషా ఏమిటంటే 2000లో ఆ ఐల్ ఆఫ్ కాప్రీ కంపెనీయే తిరిగొచ్చి మా లేడీ లక్‌ని కొనుక్కుంది. అదే ఏడాది డావెన్‌పోర్ట్ ప్రెసిడెంట్ వ్యాపారాన్ని కూడా కొని, వేరే పడవ పెట్టి రిథమ్ సిటీ అని పేరు మార్చింది. అలిగి పుట్టింటికెళ్ళినవాళ్ళు వచ్చి ఇల్లు మొత్తం తమ పేర రాయించుకున్నట్టు.

గుండాట గురువు (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

తీర్థాల్లో గుండాట చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఒక మాట. సంక్రాంతికి మా భీమవరం వైపు మూడు రోజులు ఏం జరిగినా "పండగ, సంప్రదాయం" అంటారు. నాలుగో రోజు అదే పని చేస్తే లోపలేస్తారు. అయోవా వాళ్ళు పండగ బదులు నది పెట్టుకున్నారు. అంతేగా?

లాయరు మామయ్య (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

దాదాపు అంతే. చట్టానికి ఎప్పుడూ ఒక గీత కావాలి, ఆ గీత ఎక్కడ గీస్తే జనం ఒప్పుకుంటారన్నదే లెక్క. మన దగ్గర ఆ గీత నైపుణ్యం దగ్గర గీశారు. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో కోర్టు "రమ్మీకి నైపుణ్యం కావాలి, అది మూడు ముక్కలాట లాంటిది కాదు" అని తేల్చింది. ఆ తరవాత ఎన్ని రిక్రియేషన్ క్లబ్బులు పుట్టాయో మీకు తెలుసు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో చట్టాలు మార్చి ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం పెట్టాయి. అది వేరే రామాయణం, ఈ చర్చలో వద్దు.

పడవ గీత మాత్రం అమెరికా వాళ్ళొక్కళ్ళదే కాదు. గోవా చూడండి. 1976 నాటి జూద నిషేధ చట్టాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మిషన్లకి ఒప్పుకున్నారు. 1996లో ఇంకో సవరణ చేసి, నీళ్ళ మీది నౌకల్లో అయితే టేబుల్ ఆటలు కూడా ఆడుకోవచ్చన్నారు. 2001లో కారవెలా వచ్చింది. చట్టంలో మాట చదివితే సముద్రం గుర్తొస్తుంది. పణజీలో చూస్తే అన్నీ మాండోవి నదిలోనే.

వీకెండ్ వీరుడు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

గోవా పేరెత్తారు కాబట్టి వచ్చేశాను. పణజీలో రేవు దగ్గర టికెట్టు కొంటే చిన్న పడవలో పెద్ద పడవకి తీసుకెళ్తారు. ఆ చిన్న పడవలో సగం తెలుగే వినపడుతుంది. "ఒరేయ్, ఫోన్ జేబులో పెట్టు, నీళ్ళలో పడుద్ది" అని. పైకెళ్ళాక నది ఎటుందో కూడా తెలీదు. కిటికీలకి తెరలు. ఒకసారి ఒక పడవలో (పేరు చెప్పను) లోపలా బయటా (అందర్ బాహర్) పేకాట ఆడి పద్దెనిమిది వేలు పోగొట్టుకుని, తెల్లారి నాలుగింటికి డెక్కు మీదికొచ్చి చూస్తే వర్షం. ఊళ్ళోకి తీసుకెళ్ళే పడవ కోసం నలభై నిమిషాలు తడిసి నిలబడ్డాను. కేసినో ఒడ్డు మీద ఉంటే పారిపోవడం తేలిక. నీళ్ళ మీద ఉంటే వాళ్ళు దింపినప్పుడే దిగాలి.

పేరెందుకులే (ఆదివారం, సాయంత్రం 5:20)

వీరుడు గారి చివరి మాట చదివి రాయాలనిపించింది. ఈ అకౌంటుతో ఇదే మొదటి పోస్టు.

1999లో నేను మిస్సోరీలో కొత్త ఉద్యోగిని. అక్కడ హద్దు ట్రిప్పుకి 500 డాలర్లు. ట్రిప్పు అంటే రెండు గంటలు. కానీ నేను వెళ్ళే పడవ కదిలేది కాదు. గొలుసులతో కట్టేసి ఉండేది. అయినా టైము ప్రకారం మైకులో "ఎక్కడం ముగుస్తోంది" అని చెప్పి తలుపు వేసేవారు. ఆలస్యమైతే తరవాతి ట్రిప్పు దాకా బయట బల్ల మీద కూర్చోవాలి. కదలని పడవకి టైం టేబులు! నవ్వొచ్చేది మొదట్లో.

ఇప్పుడాలోచిస్తే, ఆ 500 నాకు రక్షణ కాలేదు, లక్ష్యం అయింది. అయిపోగానే బయట బల్ల మీద కూర్చుని కాఫీ తాగి, గడియారం చూసుకుని, కొత్త ట్రిప్పులో కొత్త 500. ఒక చలికాలంలో ఊరికి పంపాల్సిన డబ్బంతా పోయింది. నాన్నకి ఫోన్‌లో "ఇక్కడ ఖర్చులు ఎక్కువ" అని చెప్పాను. జీతం నేరుగా నా భార్య అకౌంటులో పడేలా మార్చుకున్నాక ఆగింది. మిస్సోరీ ఆ 500 హద్దుని 2008లో ఓటు వేసి తీసేసింది. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు.

బెటెండార్ఫ్ అక్క (ఆదివారం, సాయంత్రం 5:50)

తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. నాన్నగారికి తరవాతైనా చెప్పావా?

పేరెందుకులే (ఆదివారం, సాయంత్రం 6:02)

లేదక్కా. ఆయనకి తెలిసే ఉంటుంది.

డుబుక్ బాబాయ్ (ఆదివారం, సాయంత్రం 6:30)

మిస్సోరీ మాట వచ్చింది కాబట్టి. అక్కడ ఇంకో విచిత్రం ఉంది. నది ఒడ్డున గొయ్యి తవ్వి, నీళ్ళు నింపి, అందులో బార్జీ దింపి, దాని మీద బిల్డింగు కట్టేస్తారు. సఖినేటిపల్లి రేవులో వాహనాల్ని దాటించే పంటు తెలుసుగా? పంటు మీద ఫంక్షన్ హాలు కట్టి, గుంటలో నిలబెట్టారనుకోండి. లోపలికెళ్ళినవాడికి తను నీళ్ళ మీద ఉన్నానని కూడా తెలియదు. కాగితం మీద మాత్రం అది నౌక.

లెక్కల మాస్టారు (ఆదివారం, రాత్రి 7:15)

ఊరికి వచ్చిందెంత అన్నది ఎవరూ చెప్పడం లేదు. పడవల వల్ల ఊళ్ళు బాగుపడ్డాయా లేదా? బయటి నుంచి వచ్చేవాడి డబ్బయితే రాబడి. ఊళ్ళోవాడి డబ్బయితే ఈ జేబులోంచి ఆ జేబులోకి. పక్కపక్కనే మూడు ఊళ్ళకి మూడు కేసినోలున్న చోట బయటివాడెవడు?

బెటెండార్ఫ్ అక్క (ఆదివారం, రాత్రి 8:00)

మాస్టారూ, మీ లెక్క నిజమే గానీ సగమే. అయోవా చట్టంలో ఒక మంచి పని చేశారు. లైసెన్సు కంపెనీ ఒక్కదానికే ఇవ్వరు, పక్కన లాభాపేక్ష లేని స్థానిక సంస్థ ఒకటి ఉండాలి. అప్పట్లో డావెన్‌పోర్ట్‌కి రివర్‌బోట్ డెవలప్‌మెంట్ అథారిటీ, మా బెటెండార్ఫ్‌కి స్కాట్ కౌంటీ రీజినల్ అథారిటీ. రాబడిలో కొంత వాళ్ళకి వస్తుంది, వాళ్ళు ఫైరింజన్లకీ లైబ్రరీలకీ పార్కులకీ గ్రాంట్లు ఇస్తారు. నేను పిల్లల కార్యక్రమాలకి దరఖాస్తులు రాసినదాన్ని, చెక్కు చేత్తో పట్టుకున్నదాన్ని. అది ఎవరో ముసలావిడ క్వార్టర్లు వేసిన డబ్బని తెలుసు. మా అత్తగారివీ ఉండొచ్చు. అయినా తీసుకున్నాం. ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు (ఆదివారం, రాత్రి 8:20)

తీసుకోవద్దనను. ఫ్యాక్టరీ ఇచ్చిన జీతాలతో పోల్చొద్దంటాను, అంతే.

పాత పేపర్లు (ఆదివారం, రాత్రి 9:10)

ఇప్పుడు గోదారి గట్టు గారి అసలు ప్రశ్నకి వద్దాం. ఒడ్డెందుకు ఎక్కారు?

ఒక కారణం వరద. మిసిసిపీ ఒడ్డున ఉన్న పెద్ద ఊళ్ళలో గోడ లేనిది డావెన్‌పోర్ట్. నది కనపడాలి, గోడ వద్దు అని ఊరివాళ్ళ పట్టుదల. 1993లో నీళ్ళు 22.63 అడుగులకి వచ్చాయి. ఇక్కడ వరద అని పిలవడం 15 అడుగుల దగ్గర మొదలవుతుంది. ఒడ్డున ఉన్న బేస్‌బాల్ మైదానం చెరువైపోయింది. 2019లో 22.70, అదే ఇప్పటికి రికార్డు. అప్పుడు తాత్కాలికంగా పేర్చిన అడ్డుకట్ట తెగి నడిబొడ్డు మునిగింది. పడవ వరదకి పైకి తేలుతుంది, దానికేం. కానీ పార్కింగు తేలదు, రోడ్డు తేలదు, ఎక్కే వంతెన తేలదు. నది పొంగినప్పుడల్లా రిథమ్ సిటీ మూసుకోవాల్సి వచ్చేది.

రెండోది హైవే. 2007లో అయోవా "నీళ్ళు అక్కర్లేదు" అని చట్టం మార్చింది. ఎవరికి వారు హైవే పక్కన స్థలాలు చూసుకున్నారు. అందరికంటే ముందు వెళ్ళింది అవతలి ఒడ్డు రాక్ ఐలండ్ వాళ్ళు, 2008లో. డావెన్‌పోర్ట్‌లో పెద్ద గొడవే అయింది. 2012లో నగర పాలకులు కేసినోని తామే కొనేద్దామని 46 మిలియన్ డాలర్లకి బేరం పెట్టారు, అది పొసగలేదు. చివరికి కెల్ కుటుంబం కొని 2016 జూన్‌లో మీరు చూసిన చోట కట్టింది. బెటెండార్ఫ్‌ది కూడా అదే వేసవిలో నీళ్ళు వదిలి గట్టెక్కింది, కాకపోతే వంతెన పక్కనే ఉంది, కిటికీలోంచి నది కనిపిస్తుంది.

డుబుక్ బాబాయ్ (ఆదివారం, రాత్రి 9:25)

ఆ కెల్ కుటుంబం మా డుబుక్ వాళ్ళే. 1991లో కేసినో బెల్ నడిపింది వాళ్ళే. పడవతో మొదలుపెట్టినవాళ్ళే పడవని మానిపించారు.

గోదారి గట్టు (ఆదివారం, రాత్రి 9:50)

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండు, 17.75కి మూడు. చిన్నప్పుడు ఈ మూడు నంబర్లు ఎక్కాలకంటే ముందే వచ్చేశాయి మాకు. వరదకి గోడ వద్దన్న ఊరిని మొదటిసారి వింటున్నాను.

మరి ఆ అసలు పడవలు? ప్రెసిడెంట్, డైమండ్ లేడీ?

పాత పేపర్లు (ఆదివారం, రాత్రి 10:40)

రెండింటి కథా బాధగానే ఉంటుంది.

ప్రెసిడెంట్ కేసినో కోసం కట్టింది కాదు. 1924లో సిన్సినాటి అనే పేరుతో పుట్టింది. ఒహాయో నది మీద జనాన్నీ సరుకునీ మోసే స్టీమరు. స్ట్రెక్‌ఫస్ కంపెనీ కొని, పై అంతస్తులు మార్చి, 1934లో ప్రెసిడెంట్ అని షికారు పడవ చేసింది. పక్కలకి తెడ్డుచక్రాలు, లోపల పెద్ద డ్యాన్సు హాలు. ఈ స్ట్రెక్‌ఫస్ వాళ్ళ వ్యాపారం మొదలైంది మన రాక్ ఐలండ్‌లోనే. వాళ్ళ పడవల మీద బ్యాండులో బాకా ఊదుతూ ఈ నది వెంట తిరిగిన కుర్రాడు, తరవాత జాజ్ దిగ్గజమైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. డావెన్‌పోర్ట్ ఇంకో జాజ్ వాద్యకారుడు బిక్స్ బైడర్‌బెక్ పుట్టిన ఊరు. అంటే ఈ రేవుకి జాజ్ వచ్చింది కూడా ఇలాంటి పడవల మీదే. ప్రెసిడెంట్ తరవాత దశాబ్దాల పాటు న్యూ ఆర్లిన్స్‌లో ఉంది. 1989లో జాతీయ చారిత్రక చిహ్నం అన్నారు. ఆ వెంటనే డావెన్‌పోర్ట్ తెచ్చి లోపల స్లాట్ మిషన్లు నింపారు.

కేసినో పని అయిపోయాక కొన్నేళ్ళకి దాన్ని ముక్కలుగా కోసి, లారీల మీద ఇల్లినాయ్‌లో సెయింట్ ఎల్మో అనే ఊరికి తరలించారు. మళ్ళీ అతికించి హోటల్ చేస్తామన్నారు. కాలేదు. సెయింట్ ఎల్మో మిసిసిపీకి బోలెడు దూరం. నది మీద ఎనభై ఏళ్ళు బతికిన స్టీమరు ఇనుప ముక్కలుగా పొలంలో పడి ఉండిపోయింది. 2011లో చిహ్నం హోదా కూడా తీసేశారు.

డైమండ్ లేడీకి బిలాక్సీలోనూ స్థిరం లేదు. పెద్ద కేసినోలు రాగానే పాతబడింది. చివరికి మెంఫిస్‌లో ఒక పడవల రేవులో పడి ఉండి, 2021లో అక్కడే మునిగిపోయింది. 2022 అక్టోబరులో మిసిసిపీ ఎండిపోయి మెంఫిస్ దగ్గర రికార్డు స్థాయికి పడిపోయింది. అప్పుడు బురదలోంచి తేలింది. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు, పేపర్లన్నీ వేశాయి. చిన్న పడవల మధ్య పక్కకి ఒరిగి, తెల్లరంగంతా బురద.

గుండాట గురువు (ఆదివారం, రాత్రి 10:55)

ఆ ఫొటో చూశాను! కరవు వార్తలో. అది కేసినో పడవని తెలీదు.

లాయరు మామయ్య (సోమవారం, ఉదయం 6:50)

రాక్ ఐలండ్ పడవ పేరు ఎవరూ చెప్పలేదు. ఎఫీ ఆఫ్టన్. అది ఊరికే పెట్టిన పేరు కాదు. మిసిసిపీ మీద మొట్టమొదటి రైలు వంతెన రాక్ ఐలండ్‌కీ డావెన్‌పోర్ట్‌కీ మధ్య 1856లో కట్టారు. రెండు వారాలు తిరిగేసరికి మే 6న ఎఫీ ఆఫ్టన్ అనే స్టీమరు వంతెన స్తంభాన్ని గుద్దుకుని కాలిపోయింది, వంతెన కొంత కాలింది. పడవవాళ్ళు వంతెన కంపెనీ మీద దావా వేశారు. మరుసటి ఏడాది వంతెన తరఫున వాదించిన వకీళ్ళలో అబ్రహాం లింకన్ ఒకడు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, వంతెన నిలిచింది. స్టీమర్ల కాలం పోయి రైళ్ళ కాలం రావడానికి అదొక గుర్తు.

నూట ముప్పై అయిదేళ్ళ తరవాత జూదం పడవకి, గుద్దుకుని కాలిపోయిన పడవ పేరు పెట్టారు! మనవాళ్ళయితే ముహూర్తం సంగతి దేవుడెరుగు, ఆ పేరు విని ఎక్కేవారు కాదు.

వీకెండ్ వీరుడు (సోమవారం, ఉదయం 7:30)

లోపలి దీపాల్లో పేరు ఎవడు చదువుతాడు మామయ్యా.

గోదారి గట్టు (సోమవారం, రాత్రి 8:45)

ఇవాళ పని అవగానే డావెన్‌పోర్ట్ గట్టు మీదికి వెళ్ళాను. బేస్‌బాల్ మైదానం పక్కన ఆపి నడిచాను. ఆ మైదానంలో జెయింట్ వీల్ కూడా ఉంది, అచ్చం తీర్థంలో ఉన్నట్టు. ప్రెసిడెంట్ ఎక్కడ కట్టేవారో తెలియక గేలం వేసుకుని కూర్చున్న ఒక ముసలాయన్ని అడిగాను. గేలం కర్ర తియ్యకుండానే గడ్డంతో చూపించాడు. "బోటు అక్కడుండేది. మా ఆవిడ అందులో ఆరేళ్ళు చిల్లర లెక్కపెట్టే పని చేసింది. ఇంటికొస్తే చేతులు ఇనుము వాసన" అన్నాడు. ఆ తరవాత చేప గురించి మాట్లాడాడు.

అరగంట కూర్చున్నాను. ఇల్లినాయ్ వైపు లాకుల్లోంచి బార్జీల దండు ఒకటి మెల్లగా దిగింది. అచ్చం మన ధవళేశ్వరం లాకుల్లాగే, కాకపోతే పది రెట్లు. మంకీ క్యాప్ పెట్టుకున్నాను. అక్కా, నువ్వు చెప్పింది జనవరికి కాదు, ఇప్పటికే పనికొచ్చింది.

బెటెండార్ఫ్ అక్క (సోమవారం, రాత్రి 9:10)

అదే లాక్ అండ్ డ్యామ్ 15. ఆర్సెనల్ అనే సైన్యం దీవి మీద ఉంది, దగ్గర నుంచి చూడాలంటే లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో, గుర్తింపు కార్డు మర్చిపోకు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చెయ్. మా అత్తగారితో వీడియో కాల్ కలుపుతాను, పదకొండు డాలర్ల కథ ఆవిడ నోటే విందువు గాని.